లేబుల్ మౌనవ్రతం

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఏదైనా అక్వేరియం దుకాణానికి వెళ్లినప్పుడు, గాజుతొట్ల పక్కన గూట్లో వరసగా నిలబెట్టిన చిన్న సీసాల్ని తీరిగ్గా చదవండి. చదవడానికి చాలానే ఉంటుంది. తెల్లచుక్కలు పోతాయి. రెక్కలు కుళ్లడం ఆగుతుంది. బూజు వదులుతుంది. నీళ్లు అద్దంలా తేరుకుంటాయి, చేపకు ఆకలి పుడుతుంది, ఒంటికి రంగు వస్తుంది, బెంగ తీరుతుంది. అవును, బెంగ కూడా. చేప దేనికి బెంగ పెట్టుకుందో కనిపెట్టినవాళ్లు మామూలు వైద్యులు కారు. ఇంత విపులంగా మాట్లాడిన లేబుల్‌ను వెనక్కి తిప్పి, ఇంతకీ లోపల ఏముందమ్మా అని అడిగితే మాత్రం దానికి నోరు పడిపోతుంది. “ప్రత్యేక ఫార్ములా” అని గొణుగుతుంది. “అలంకార చేపలకు మాత్రమే” అని హెచ్చరిస్తుంది. ధర ఉంటుంది, నవ్వుతున్న గోల్డ్‌ఫిష్ బొమ్మ తప్పకుండా ఉంటుంది. మందు పేరు ఉండదు.

అందర్నీ ఒకే గాటన కట్టడం లేదు. మందు పేరూ, శాతమూ రెండూ అచ్చువేసి అమ్మే కంపెనీలున్నాయి. పాపం, వాటి సీసాలు వెనక వరసలో దుమ్ము కొట్టుకుంటూ ఉంటాయి. ఒకటో రెండో రోగాలకు మించి తగ్గించలేమని ఒప్పుకున్న పాపానికి ఆ శిక్ష. ముందు వరస పన్నెండు రోగాలవాడిది.

బల్లార్‌పూర్, ఘుగుస్, రాజురా గనుల కాలనీల్లో మన తెలుగువాళ్ల ఇళ్లకు అక్వేరియం చాలాసార్లు వాస్తు పేరు మీదే వస్తుంది. ఈశాన్యాన నీళ్లు, నీళ్లలో అరోవానా, అరోవానా వెనకే లక్ష్మీదేవి. లక్ష్మి సంగతి తేలేలోపే చేప ఒంటినిండా తెల్లచుక్కలు తేలతాయి. ఇంటాయన దుకాణానికి పరుగెడతాడు. తర్వాత జరిగే సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

“భావూ, ఇందులో ఏముంది?”

“కంపెనీ మాల్ కాకా. కళ్లు మూసుకుని వాడండి.”

“అది సరే, మందు పేరేంటి?”

“నీలంది.”

“నీలం అంటే?”

“తెల్లచుక్కలకు నీలం, రెక్కలకు పసుపు. రోగం తెలియకపోతే రెండూ కలిపి.”

దుకాణదారును తిట్టి లాభం లేదు. అతనికి డీలరు చెప్పలేదు, డీలరుకు కంపెనీ చెప్పలేదు. కళ్లు మూసుకోమన్న సలహా ఒక్కటే పైనుంచి కిందదాకా చెక్కుచెదరకుండా అందింది.

ఆ నీలం చాలాసార్లు మిథిలీన్ బ్లూ. 1876లో జర్మనీలో హైన్రిష్ కారో బట్టల అద్దకం కోసం తయారుచేసిన రంగు. 1891లో పాల్ ఎర్లిష్, పాల్ గుట్‌మన్ దాన్ని మలేరియా రోగులకు ఇచ్చి చూశారు. మనుషుల ఆసుపత్రుల్లో కొన్ని విషప్రభావాలకు ఇప్పటికీ ఎక్కిస్తారు. దాచుకోవడానికి అందులో ఏమీ లేదు, గర్వంగా చెప్పుకోవడానికి బోలెడుంది. అయినా మన సీసావాడు దాన్ని నిన్న రాత్రి తన గోదాములో కనిపెట్టినట్టు గుట్టుగా ఉంచుతాడు. పసుపుపచ్చది అక్రిఫ్లేవిన్ కావచ్చు, ఆకుపచ్చది మాలకైట్ గ్రీన్ కావచ్చు. ఈ మాలకైట్ గ్రీన్‌ను తినే చేపలకు వాడకూడదని యూరప్, అమెరికా ఎప్పుడో తేల్చేశాయి. పొలుసులు లేని క్యాట్‌ఫిష్, లోచ్‌లాంటి చేపలు దాన్ని ఎక్కువగా తట్టుకోలేవు. రాగి కలిసిన మందయితే చేప బతికినా తొట్టిలోని నత్తలూ రొయ్యలూ బతకవు. ఇవన్నీ పేరు తెలిస్తే తప్పించుకోగల చావులు.

క్లోరిన్ తీసే సీసా కథ ఇంకా సొగసైనది. అందులో ఉండేది చాలాసార్లు సోడియం థయోసల్ఫేట్. పాత ఫొటో స్టూడియోవాళ్లను అడిగితే హైపో అంటారు, డార్క్‌రూమ్‌లో ఫిక్సర్‌గా వాడిన పలుకులే. క్లోరిన్‌కు ఏడింతల బరువు హైపో వేస్తే సరిపోతుంది. కొళాయి నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉందనుకుంటే, కిలో హైపోతో లక్షా నలభై వేల లీటర్లు శుద్ధి చేయొచ్చు. ఇప్పుడు సీసా గుట్టు కొంచెం అర్థమవుతోందా? వాళ్లు దాస్తున్నది ఫార్ములా అనుకున్నాం. నిజానికి దాస్తున్నది, కిలో లెక్కన దొరికే పలుకుల్ని నీళ్లలో కరిగించి చుక్కల లెక్కన అమ్ముతున్నారన్న సంగతి. పేరు రాస్తే కొనేవాడు రసాయనాల కొట్టుకే నేరుగా వెళ్లిపోడూ!

“కోట్లాది మంచి బ్యాక్టీరియా” సీసా దగ్గర కాసేపు ఆగాలి. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు నిజంగానే ఉన్నాయి. నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా వాటి పేర్లు. అవి బాసిల్లస్‌లా గట్టి గింజకట్టి ఎండకు ఓర్చుకోలేవు. చంద్రపూర్ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం విడ్డూరమేమీ కాదు. ఆ ఎండలో లారీలో వచ్చి, రేకుల కప్పు కింద నెలలు గడిపిన సీసాలో ఆ కోట్లాది జీవుల్లో ఎన్ని బతికున్నాయో, అసలు లోపల వేసింది నైట్రోస్పైరానా, బాసిల్లసా, బెల్లం నీళ్లా? లేబుల్ మీద జీవి పేరు లేదు, బతికుండే గడువు లేదు. జనాభా మాత్రం ఉంది. జనగణన ఎవరు చేశారో అడక్కండి.

ఎండ మాట వచ్చింది గనుక ఫార్మాలిన్ గురించి. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజన్ పట్టుకుంటాయి, 35 డిగ్రీల నీళ్లు ఏడుకు మించి పట్టుకోలేవు. పరాన్నజీవుల మందుల్లో వాడే ఫార్మాలిన్ ఆ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. కాబట్టి మే నెలలో ఈ ఊళ్లో ఆ మందు వేసేవాడు గాలిపంపు రెండింతలు తిప్పాలి, లేదా మందే మానాలి. పేరు తెలిసినవాడికే ఆ జాగ్రత్త. తెలియనివాడి తొట్టిలో చేప పైకొచ్చి నోరు తెరిచి కొట్టుకుంటుంది. దుకాణానికి ఫోన్ చేస్తే, “మందు పనిచేస్తోంది కాకా, రోగం బయటికొస్తోంది” అని జవాబు. తెల్లారేసరికి చేపే బయటికొస్తుంది. అప్పుడు మోతాదు తప్పిందంటారు. మోతాదు ఏమిటంటే, పది లీటర్లకు ఒక మూత. ఎంత శాతం మందున్న ద్రావణం ఒక మూత? అది రహస్యం. శాతం చెప్పకుండా మోతాదు చెప్పడంలో గొప్ప సౌకర్యం ఉంది: తప్పు ఎప్పటికీ మూత తిప్పినవాడిదే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెతలో కనీసం బుర్రలు కంటికి కనిపించాయి.

చట్టం లేదా? ఉంది, కాకపోతే అది వేరే గదిలో కూర్చుని ఉంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయాల్సిన చోటు రాయమంటాయి. ఏమేం కలిపారో రాయమని పట్టుబట్టవు. ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం తనలోని పిండినీ చక్కెరనూ నూనెనూ ఎక్కువనుంచి తక్కువకు వరసపెట్టి ఒప్పుకోవాలి, ఎందుకంటే దానిమీద ఆహార చట్టం ఉంది. జంతువుల రోగాలకు వాడేదీ మందే అని 1940 నాటి ఔషధాల చట్టం అంటుంది. అందుకే మన సీసా రెండు ముఖాలతో పుట్టింది. ముందువైపు వైద్యుడు, పన్నెండు రోగాలు మాయం. వెనకవైపు సాధువు, “ఇది నీటిని మెరుగుపరిచే ద్రావణం” మాత్రమే. ఊరి పొలిమేరలో 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం చిమ్నీల్లోంచి ఏం వెలువడుతోందో కొలిచి లెక్క చెప్పాలి. అరచేతిలో పట్టే సీసాకు ఆ బాధ లేదు.

వ్యాపారుల వాదన ఒకటుంది, వినాలి: “కలిపినవి చెబితే పక్కవాడు కాపీ కొడతాడు.” కొత్తదేదైనా కనిపెట్టి ఉంటే దానికి పేటెంట్ చట్టం ఉంది. గుట్టు విప్పి చెప్పినవాడికి 20 ఏళ్ల హక్కు ఇస్తుంది. ఎవరూ ఆ గుమ్మం తొక్కరు, 1876 నాటి అద్దకం రంగుకు ఎవరిస్తారు పేటెంట్! పైగా పక్కవాడు ఎప్పుడో కాపీ కొట్టేశాడు, ముందు వరసలోని సీసాలన్నీ ఒకే నీలంగా ఉండటం ఊరికే కాదు. రహస్యం తెలియనివాడు లోకంలో ఒక్కడే, డబ్బిచ్చి కొన్నవాడు. అమెరికాలో టానిక్కుల వ్యాపారులూ ఇదే పాట పాడారు. 1906లో వచ్చిన చట్టం, సీసాలో నల్లమందు, కొకైన్, ఆల్కహాల్ ఉంటే లేబుల్ మీద ఒప్పుకోవాలంది. పసిపిల్లల ఏడుపు మాన్పే దివ్యౌషధాల దివ్యత్వం ఎక్కడినుంచి వస్తోందో అప్పటికిగానీ తల్లులకు తెలియలేదు.

చేపలే కదా, ఇంత రభస దేనికి అనేవాళ్లు పక్కనే ఉన్న యవత్మాల్‌ను గుర్తు తెచ్చుకోవాలి. 2017లో అక్కడి పత్తి చేలల్లో పురుగుమందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. పురుగుమందు డబ్బాకు 1968 చట్టం ఉంది. మందు పేరు, శాతం, రంగుల త్రికోణం, విరుగుడు అన్నీ అచ్చువేయాలి. అన్నీ ఉన్నచోటే, చీమకాళ్ల అక్షరాలు చదవలేకా, మందులో మందు కలిపీ, ముక్కుకు గుడ్డ లేకా ప్రాణాలు పోయాయి. ఇంట్లో టీవీ పక్కన, పిల్లవాడి చేతికందే ఎత్తులో ఉండే చేపల మందు సీసాకు ఆ చీమకాళ్లూ లేవు. వాడు మూత తీసి తాగితే డాక్టరు మొదట అడిగేది ఏం తాగాడని. ఫార్మాలిన్‌కు చేసే వైద్యం వేరు, రాగి లవణానికి వేరు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లల కడుపులో మిథిలీన్ బ్లూ పడితే ఎర్రరక్తకణాలు పగిలిపోయే ప్రమాదముంది. తల్లి వణుకుతూ సీసా చూపిస్తుంది. సీసా చెబుతుంది: మెరిసే రంగులకు, చురుకైన ఈతకు.

ఆంధ్రాలో భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులకు ఈ బాగోతం కొత్త కాదు. ప్రోబయాటిక్ అనీ, గ్రోత్ ప్రమోటర్ అనీ డబ్బాలు వాళ్ల గట్లమీదా దిగుతాయి. అయితే అక్కడ ఒక తేడా ఉంది. రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లు దొరికితే యూరప్ రేవుల్లో కంటైనర్ వెనక్కి తిరుగుతుంది. అందుకని వాడకూడని 20 మందుల జాబితా వచ్చింది. 2005 చట్టంతో ఏర్పడ్డ తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ యాంటీబయాటిక్ లేని సరుకులకు ధ్రువపత్రాలు ఇస్తోంది. 2020లో ఆంధ్రప్రదేశ్ చేపల మేత నాణ్యతకే ఒక చట్టం చేసుకుంది. అంటే మనవాళ్లకు నిజం రాయడం చేతకాక కాదు, రాయమనేవాడు సముద్రం అవతల ఉండాలి. మన గాజుతొట్టిలోని గప్పీని ఏ యూరప్‌వాడూ వెనక్కి పంపడు. అమెరికా కూడా మొన్నమొన్నటిదాకా నిద్రపోయింది. అక్వేరియం చేపల పేరుతో అనుమతి లేని యాంటీబయాటిక్‌లు అమ్ముతున్నవాళ్లతో సహా తొమ్మిది సంస్థలకు అక్కడి ఎఫ్‌డీఏ 2023 డిసెంబరులో హెచ్చరిక లేఖలు పంపింది.

లేబుల్ మీద చోటు చాలదని ఎవరైనా అంటారేమోనని, క్లోరిన్ సీసాకు ఒక నమూనా రాసి పెడుతున్నాను. గోల్డ్‌ఫిష్ బొమ్మ తీసేస్తే సరిగ్గా పడుతుంది. కంపెనీవారు ఉచితంగా వాడుకోవచ్చు, రాయల్టీ అక్కర్లేదు: “ఇందులో ఉన్నవి నీళ్లు, సోడియం థయోసల్ఫేట్ ఇంత శాతం, కంటికి ఇంపుగా నీలిరంగు. క్లోరిన్ తీస్తుంది. రోగాలు తగ్గించదు. బెంగ తీర్చదు. పిల్లలకు అందకుండా ఉంచండి, తాగితే ఈ సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ధరలో పెద్ద వాటా సీసాకూ, మూతకూ, డీలరుకూ. మిగిలిన చిల్లర మందుకు.”