ఇట్లు, తమ విధేయురాలు

మా కోహీర్‌లో చలి ముదిరిందంటే రెండు పనులు జోరందుకుంటాయి. తోటల్లో జామకోత, మా అరుగు మీద అర్జీల రాత. రాష్ట్రంలో ఎక్కడ చలి ఎక్కువని పేపరువాళ్లు లెక్క తీసినప్పుడల్లా మా ఊరి పేరు ముందువరసలో ఉంటుంది. మాకు ర్యాంకు వచ్చేది అందులోనే కాబట్టి వణుకుతూనే గర్వపడతాం.

నేను ముప్పయ్యేళ్లు గుమస్తాగా చేసి దిగిపోయినవాణ్ణి. పింఛను వస్తుంది, నిద్ర రాదు. అందుకని పొద్దున్నే శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చుని, అడిగినవాళ్లకు అర్జీలు రాసిస్తుంటాను. రేషన్ కార్డు, పాసుబుక్కు, కరెంటు మీటరు, ఏదైనా సరే, గ్లాసులో చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి 'ఇట్లు, తమ విధేయుడు' అని ముగిస్తే చాలు, మధ్యలో ఏముందో చదివే ఆఫీసరును నా సర్వీసులో చూడలేదు. ఈ చలికాలం మాత్రం ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నా అనుభవానికి గాలి తీసేశారు. ముగ్గురికీ కావలసింది ఒకటే: కాన్పు సెలవుకు అర్జీ.

జ్వరానికి సెలవంటే బడిపిల్లాడైనా రాస్తాడు. జ్వరం వచ్చాక అడగొచ్చు. కాన్పు అలా కాదు, రాకముందే లెక్క కట్టాలి. డాక్టరమ్మ ఒక తేదీ చెబుతుంది. ఆ తేదీకి సరిగ్గా పుట్టిన బిడ్డను మా వాడలో ఎవరూ చూడలేదు. చట్టం మాత్రం ఆ తేదీనే పట్టుకుంటుంది. దానికి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. మొత్తం సెలవు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు వాడుకోదగ్గవి ఎనిమిది. వాన ఎప్పుడు పడుతుందో తెలియక ఆకాశం వైపు చూసే ఊరు మాది. బిడ్డకు టైంటేబుల్ వేయమంటే ఎట్లా?

మొదట వచ్చింది సర్కారు బడి పంతులమ్మ. ఆమెకు నాతో పెద్ద పనేం లేదు, స్పెల్లింగులు చూడమంది, అంతే. ఫారాలన్నీ వరసగా పిన్ను కొట్టి ఉన్నాయి. 180 రోజులు, జీతంతో. ఆ తర్వాత పిల్ల పెంపకానికి మరో 90 రోజులు, బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేలోపు విడతలు విడతలుగా వాడుకునే వీలుంది. అంతా చక్కగా ఉంది కదా అని సంతకం చోటు చూపించబోతే, ఆమె వేలు మడిచి లెక్క మొదలుపెట్టింది.

"సార్, ప్రైవేటోళ్లకు చట్టంల 26 వారాలు గద. ఏడు పెట్టి గుణిస్తే 182. మాకు 180. ఆ రెండు రోజులు ఎటు పొయినయ్?"

నేను ముప్పయ్యేళ్లలో ఇలాంటి ప్రశ్న వినలేదు. నిజమే. ప్రైవేటు యజమాని 182 రోజులు ఇవ్వాలని కట్టడి చేసిన సర్కారు, తన సొంత ఉద్యోగికి 180 దగ్గర ఆపింది. "అమ్మా, రెండు రోజులు మిగుల్చుకోకపోతే అది సర్కారు ఎట్లవుతది" అని సర్దిచెప్పాను. లెక్కల టీచరు కావడం వల్ల ఆమె ఒప్పుకోలేదు.

లోపల్నుంచి మా ఆవిడ అందుకుంది: "మరి మొగోళ్లకెంత?" సర్కారు ఉద్యోగికైతే పదిహేను రోజులని చెప్పాను. మా మొదటివాడు పుట్టినప్పుడు నేనూ సెలవు పెట్టానని గుర్తుచేద్దామనుకున్నాను. ఆ వారంలో జహీరాబాద్‌లో పేకాట పోటీ ఉన్న సంగతి ఆమెకు నాకంటే బాగా గుర్తుంది.

రెండో మనిషి ఒక ప్రైవేటు బడి టీచరు. బడి పేరు రాయను, రాస్తే దాన్నీ ప్రచారంలో వేసుకుంటారు. ఐదో నెల. కరస్పాండెంటును అడిగితే ఆయన ఎంతో ప్రేమగా మాట్లాడాడట. "సెలవెందుకియ్యను మేడం? జీతం లేని సెలవు ఎన్ని నెలలంటే అన్ని నెలలు తీస్కో. మన గేటు ఎప్పుడూ తెరిచే ఉంటది." గేటు తెరిచి ఉండటం మాట నిజమే. ఏ వైపుకు తెరుచుకుంటుందనేదే ఆమె అనుమానం. పోతూ పోతూ ఆయన ఒక సలహా కూడా ఇచ్చాడు: వచ్చేసారి కాన్పు మే నెలలో పడేట్టు చూసుకోమని. వేసవి సెలవులుంటాయి, పిల్లల చదువు పాడవదు.

నేను చట్టం తీశాను. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి పన్నెండు వారాల సెలవు 26 అయింది. ఇప్పుడా చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది, 2025 నవంబరు 21 నుంచి అమలన్నారు. అట్ట మారింది, వారాలు మారలేదు. సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీసేయకూడదు. కాన్పుకు ముందు వారాల జీతం ముందే ఇవ్వాలి. మిగిలింది బిడ్డ పుట్టినట్టు రుజువు చూపిన 48 గంటల్లో ఇవ్వాలి. ఈ చివరి ముక్క చదివినప్పుడు అమ్మాయి మొదటిసారి నవ్వింది. "48 గంటలల్ల దవాఖాన నుంచి చిట్టే ఇయ్యరు కాకా, జీతమిస్తరా?" అంది.

యాభై మంది పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి చూసుకోవచ్చని కూడా ఉంది. ఆ బడిలో టీచర్లు కూర్చోవడానికే గది లేదు, పిల్లలు లేనప్పుడు క్లాసురూములో కూర్చుంటారు. దాన్ని అర్జీలో రాయలేదు, ఆయన దాన్ని జోకనుకుంటాడేమోనని.

అర్జీ పట్టుకుని ఆమె వెంట నేనే పోయాను. కరస్పాండెంటు చదివాడు, చదివాక రిజిస్టరు తెప్పించాడు. "సార్, మీ చట్టం పదిమంది ఉన్నచోటుకు కదా. మా దగ్గర తొమ్మిది మందే." గోడ మీద వార్షికోత్సవం ఫొటో ఉంది. అందులో చీరలు, సఫారీలు కలిపి పదిహేడు లెక్కపెట్టాను. మిగతా ఎనిమిది మంది సేవాభావంతో వస్తున్నారట.

ఆయన్ని తిట్టడం తేలిక, తిట్టేశాను కూడా. ఆ తర్వాత ఆయన ఒక మాటన్నాడు, అది మాత్రం నన్ను ఇంటిదాకా వెంబడించింది. "పన్నెండు వారాలను 26 జేసింది ఎవరు? ఢిల్లీ. చప్పట్లు ఎవరికి? ఢిల్లీకి. పైసలు ఎవరి జేబులకెళ్లి? నావి. అందుకే సార్, వచ్చే ఏడు నుంచి మగ టీచర్లనే పెట్టుకుంటా." దొంగ రిజిస్టరు ముందేసుకుని నిజం మాట్లాడాడు. ఈఎస్ఐ ఉన్న ఫ్యాక్టరీలో ఈ పేచీ లేదు. నెల జీతం 21,000 దాటని కార్మికురాలికి 26 వారాల డబ్బు కార్పొరేషనే ఇస్తుంది. యజమాని నెలనెలా చందా కట్టి ఊరుకుంటాడు. చిన్న బడికి, చిన్న కొట్టుకు ఆ గొడుగు దొరకని చోట మొత్తం బరువు ఒక్క మనిషి మీద పడుతుంది. ఆ మనిషి దాన్ని ఎప్పుడూ ఒకే వైపుకు దించుతాడు, కడుపుతో ఉన్నామె వైపుకు. బొంబాయి శాసన మండలిలో 1928లో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద మాట్లాడుతూ అంబేద్కర్ ఈ చిక్కుముడినే విప్పాడు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికి లాభం కాబట్టి ఆ ఖర్చులో పెద్ద వాటా సర్కారుదే కావాలి, ఆడవాళ్ల పనితో లాభం చేసుకునే యజమానికీ తప్పించుకునే వీల్లేదు అన్నాడు. మరుసటి ఏడాది బొంబాయిలో చట్టమైతే వచ్చింది. సర్కారు వాటా మాత్రం ఎనుముల వెనక దూడలా ఇంకా వస్తూనే ఉంది.

మూడో బిడ్డ సంగతి కూడా ఆ 26 వారాల చట్టంలోనే చదివాను. ఇద్దరు పిల్లలున్న తల్లికి మళ్లీ కాన్పయితే 26 కాదు, పన్నెండు వారాలే. మూడోవాడు అనుభవం ఉన్నవాడు, తొందరగా పెరుగుతాడని కాబోలు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఇన్నాళ్లూ ఇద్దరు చాలన్నవాళ్లే ఇప్పుడు ఇంకా కనమంటున్నారు, 2025లో తమ ఉద్యోగినులకు ఆ పట్టింపు తీసేశారు. జనం ఎక్కువైనా తక్కువైనా సర్దుబాటు చేసేది ఆడమనిషి సెలవు లెక్కలోనే.

ఇక మూడో మనిషి.

ఆమె రెండు రోజులు మా అరుగు దాకా వచ్చి వెనక్కి పోయింది. మూడో రోజు మా ఆవిడ పిలిచి కూర్చోబెట్టింది. జామతోటలో కూలి. తొలిచూలు. కోత మొదలయ్యాక పొద్దున ఆరింటికి తోటలో ఉండాలి, మంచుకు తడిసిన కొమ్మ వంచితే నీళ్లు మెడలోకి కారతాయి. "అందరికీ రాసిస్తున్నవట గద కాకా. నాకూ రాయి" అంది.

'గౌరవనీయులైన' అని రాసి ఆగాను. ఎవరికి?

తోట ఆసామిని అడగమన్నాను. ఆయన తోట గుత్తకిచ్చేశాడు, కోతకూ తనకూ సంబంధం లేదంటాడు. గుత్తదారు హైదరాబాద్‌లో ఉంటాడు, ఇక్కడికి లారీ వస్తుంది, ఆయన రాడు. కూలీలను పిలిచేది మేస్త్రి. మేస్త్రి కూడా కూలోడే, నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకునే కూలోడు. అతని భార్య కూడా ఏడో నెలలో బుట్ట మోస్తోంది. అతన్ని గౌరవనీయులైన అంటే అతనే ఏడుస్తాడు.

రోజుకూలీకి హక్కు లేదనడానికి వీల్లేదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టరు రోల్ మీద పనిచేసే ఆడవాళ్లకూ ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పు చెప్పింది. ఆమెకు ఆ సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, "మరి నా పేరు ఏ మస్టరుల ఉంది కాకా?" అని అడిగింది. ఉపాధి పనికి పోతే మస్టరు ఉంటుంది. జామతోటలో ఉండేది బుట్టల లెక్క. బుట్ట మీద పేరు రాయరు.

సరే, పథకాలు చూద్దామన్నాను. 2013 ఆహార భద్రతా చట్టంలో గర్భిణికి ఆరు వేలకు తగ్గకుండా ఇవ్వాలని ఉంది. 2017లో కేంద్రం మాతృ వందన యోజన తెచ్చింది, తొలిచూలుకు అయిదు వేలు. వెయ్యి ఏదంటే, మరో పథకం డబ్బుతో కలిపి 'సగటున' ఆరు వేలవుతుందని జవాబు. సగటున మా ఊళ్లో అందరికీ కారుంది. తెలంగాణ ఆ పథకాన్ని ఏళ్ల తరబడి ముట్టలేదు, తన బాలింతల కిట్టు తనకుందంది. 2017 జూన్‌లో ఆ కిట్టు మొదలైనప్పుడు చెప్పిన లెక్క పెద్దదే: సర్కారు దవాఖానలో కాన్పయితే మగపిల్లవాడికి 12,000, ఆడపిల్లకు 13,000, నాలుగు విడతల్లో.

రోజు కూలి మూడు వందలనే వేసుకుందాం. పన్నెండు వేలంటే సరిగ్గా నలభై రోజుల కూలి. మా దిక్కు బాలింతకు చిల్లా అంటే నలభై రోజులే. ముసలమ్మల లెక్కా సర్కారు లెక్కా ఇంత చక్కగా కలిసినందుకు ముచ్చటేసింది. కానీ చివరి విడత బిడ్డకు తొమ్మిదో నెల టీకా వేయించాక. నలభై రోజుల విశ్రాంతి డబ్బు తీరా అందేసరికి బిడ్డ పాకుతూ గడప దాటుతుంటుంది.

ఆమెకు ఇంకో తిరకాసుంది. తల్లిగారిల్లు బీదర్ దిక్కు. కోహీర్ దక్కన్ స్టేషన్‌లో బండెక్కితే ఎంతో దూరం కాదు, కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలని అత్త పట్టు. "మా ఇంట్ల చేస్తే ఊరు నవ్వుతది" అందట. అక్కడ కాన్పయితే ఇక్కడి కిట్టు పోతుంది. అక్కడివాళ్లు ఆధార్ చూస్తే తెలంగాణ కోడలు. అంటే పథకం దక్కాలంటే ఆచారం విడవాలి, ఆచారం దక్కాలంటే పథకం విడవాలి. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణికి గుడ్డు, పాలతో పూట భోజనం ఉంది. అది సెంటరుకు పోయి తినాలి, మధ్యాహ్నం. మధ్యాహ్నం ఆమె తోటలో ఉంటుంది. తోట వదిలిపోతే పూట కూలి కోస్తారు. ఆ గుడ్డు ఖరీదు నూటయాభై రూపాయలు.

"నువ్వు ఎన్ని రోజులు సెలవు కావాలనుకుంటున్నవు బిడ్డా?" అడిగింది మా ఆవిడ. నేను ఇంతసేపూ చట్టాలు తిరగేశాను గానీ ఈ ముక్క అడగలేదు.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "పదిహేను రోజులు చాలు అత్తా. తర్వాత తోటకు తీస్కపోత. చెట్టుకు చీర కట్టి ఊపుకుంట పని జేస్త. మళ్ల పనికి పిలుస్తరని ఒక్క కాయితం ఉంటె చాలు."

మిగతా అర్జీ అంతా రాసేశాను. తేదీ వేశాను, విషయం రాశాను, పదిహేను బదులు 26 వారాలని రాశాను, ఎలాగూ ఇవ్వరు కాబట్టి తగ్గించడం ఎందుకని. కింద 'ఇట్లు, తమ విధేయురాలు' అని రాసి వేలిముద్ర కూడా వేయించాను. పైన ఒక గీత మాత్రం ఖాళీగా ఉంది. శివరాత్రికి ఆమెకు నెలలు నిండుతాయి. ఆ గీత మీద ఎవరి పేరు రాయాలో తెలిసినవాళ్లు ఈలోపు చెప్పండి. పొద్దున పూట అరుగు మీదే ఉంటాను.