ఆర్‌పీఎఫ్ బాబాయిగారు

మనవల్ని చూసుకోవడానికి కెనడా సూపర్ వీసా మీద బ్రాంప్టన్ వచ్చే పెద్దాయనల్లో ఒక రకం ఉన్నారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఏళ్లతరబడి ప్రాజెక్టులు రాసి రిటైరైనవారు. ఉద్యోగం అయిపోయింది గానీ ప్రపోజల్ వదల్లేదు. మన బాబాయిగారు ఆ రకమే.

విక్టోరియా డేకి ఊరంతా గోంగూర గింజలు చల్లేస్తుంది. బాబాయిగారు అప్పటికింకా ఆర్‌పీఎఫ్-1లో, అంటే పరిశోధన ప్రతిపాదన ఫారంలో, శీర్షిక దగ్గరే ఉంటారు: 'బ్రాంప్టన్ పెరటి పరిస్థితుల్లో గోంగూర ఆకు దిగుబడిపై విత్తే తేదీ ప్రభావం'. ఆపైన పూర్వ పరిశోధనల సమీక్ష. ఈ ఊరు ఒకప్పుడు డేల్ ఎస్టేట్ గులాబీలతో పూల పట్నంగా పేరుపడిందని, గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం, మన వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండూ 1964లోనే పుట్టాయని రాస్తారు. ఈ రెండో సంగతికీ గోంగూరకీ సంబంధమేమిటో ఇంకా తేలలేదు. వైన్‌ల్యాండ్ పరిశోధన కేంద్రం వాళ్లు బెండ, వంగ మీద పనిచేశారట. "గోంగూర ఊసే లేదోయ్! రీసెర్చ్ గ్యాప్ దొరికింది!" అని కుర్చీలోంచి లేచారు.

విషయ పరిజ్ఞానానికి మాత్రం వంక పెట్టలేం. పగలు కురచైతే గానీ గోంగూర పూతకు రాదు. ఇక్కడ జూన్‌లో పగలు 15 గంటల పైమాటే. అందుకే ఆకు విరివిగా వస్తుంది, విత్తనం ముదిరేలోగా మంచు కొట్టేస్తుంది. "కాబట్టి ఏటా కొత్త విత్తనం, ఏటా ప్రాజెక్టు పొడిగింపు" అని తేల్చారు బాబాయిగారు.

డిజైన్ ఆర్‌బీడీ (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్). నాలుగు తేదీలు, మూడు రెప్లికేషన్లు, 12 మళ్లు. పెరట్లో సగం ట్రాంపోలీనే. దాన్ని 'ప్రయోగేతర ప్రాంతం'గా ప్రకటించారు. నిధులిచ్చే సంస్థ కొడుకు.

"నాన్నా, ఈ టీఏ ఏమిటి?"

"నర్సరీకి నువ్వెలాగూ దింపవు. బస్సు ఛార్జీలు."

"కంటింజెన్సీ?"

"కుందేళ్లు."

ఆగస్టులో పిన్నిగారు పప్పులోకని ఒక మడి మొత్తం కోసేశారు.

"అది మొదటి తేదీ మడే! ఇంకా తూకం వెయ్యలేదు!" అని లబోదిబోమన్నారాయన.

"ఏ తేదీదైతేనేం, పులుపు బాగానే ఉంది."

ఆ రాత్రే ఆర్‌పీఎఫ్-2లో, అంటే ప్రగతి నివేదికలో, 'జాప్యానికి కారణాలు' గడి నింపారు: సహ పరిశోధకురాలి సహకార లోపం. పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"సరే, మరి నా జీతం ఏ పద్దులో రాశారు?"