సత్ప్రవర్తన

కలకత్తా ఖిదిర్‌పూర్ డాకులో మూడు డ్రై డాకులున్నాయి. మరమ్మతుకు వచ్చిన ఓడను లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్లు తోడేస్తారు. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన మిస్త్రీ ఒకతను ఇరవై ఏళ్లుగా అక్కడ ఓడల్లో కేబుళ్లు వేస్తున్నాడు. ఈసారి వచ్చింది గస్తీ ఓడ.

మార్చి నెలాఖరుకు కాంట్రాక్టు చేతులు మారింది. పాత కంపెనీ పోయింది, కొత్తది వచ్చింది. ఓడ అదే, పని అదే, గేటూ అదే. పాసు మాత్రం పాత కంపెనీ పేరున ఇచ్చింది. మిస్త్రీ దాన్ని తిరిగి ఇచ్చేశాడు. కొత్త పాసు కావాలంటే కొత్త కంపెనీ అర్జీ పెట్టాలి, పోలీసులు మనిషి సత్ప్రవర్తన మళ్లీ విచారించాలి.

ఫారంలో ‘ఈ ఊళ్లో ఎంతకాలంగా నివాసం?’ అని ఉంది.

"మా తాత నాటి నుంచి," అన్నాడు మిస్త్రీ. "1943 డిసెంబరు 5న జపాన్ విమానాలు ఈ డాకు మీద బాంబులు వేసినప్పుడు ఆయన ఇక్కడే బస్తాలు మోస్తున్నాడు."

"ఆయన పాసు ఉందా?" అడిగాడు గుమాస్తా.

వర్జీనియాలో ఉన్న మేనల్లుడు ఫోన్‌లో విని ఆశ్చర్యపోయాడు. "ఇక్కడ రక్షణ శాఖ పనిలో కంపెనీ మారినా, మధ్యలో రెండేళ్లు దాటకపోతే మామూలుగా పాత క్లియరెన్సే చెల్లుతుంది మామయ్యా."

"అక్కడ గుమాస్తాలు లేరుట్రా?" అన్నాడు మామయ్య.

మే వచ్చింది, పాసు రాలేదు. ఓడలో ఒక స్విచ్‌బోర్డు మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. ఆ వైర్లన్నీ మిస్త్రీ చేతి మీదుగా వెళ్లినవే. కొత్త కంపెనీ ఇంజినీరు అతన్ని గేటు దాకా తీసుకొచ్చి, లోపలికి వదలమని జవానును బతిమాలాడు.

"ఈయన నాకు తెలుసు సార్, గేటుకి తెలీదు," అన్నాడు జవాను.

మనిషి లోపలికి పోలేడు గనక కాగితమే బయటికొచ్చింది. గేటు ఎదురుగా ఉన్న టీ దుకాణం బల్ల మీద ఇంజినీరు డ్రాయింగు పరిచాడు. గాలికి లేచిపోకుండా రెండు మూలలా రెండు టీ కప్పులు పెట్టాడు. మట్టి కప్పు ఒకటి ఎర్ర ముద్ర మీద గుండ్రంగా తడి మరక చేసింది. ముద్రలో ‘రహస్యం, ఆవరణ దాటించరాదు’ అని ఉంది.

మిస్త్రీ పెన్సిలుతో రెండు చోట్ల గుర్తు పెట్టాడు. సాయంత్రానికి స్విచ్‌బోర్డు కుదురుకుంది. మర్నాడు ఇంకో డ్రాయింగు వచ్చింది. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున వస్తూనే ఉన్నాయి. టీ డబ్బులు ఇంజినీరే ఇచ్చేవాడు. మిస్త్రీకి జీతం మాత్రం పాసు వచ్చాకే మొదలవుతుందన్నాడు.

జూన్‌లో విచారణకు పోలీసు వచ్చాడు. ఇరుగుపొరుగు అందరూ మంచివాడనే చెప్పారు. టీ దుకాణం వాడు ఆ మాటకు ఇంకాస్త బలం చేకూర్చాలనుకున్నాడు.

"మంచివాడే కాదు సార్, మహా తెలివైనవాడు. పెద్ద ఆఫీసర్లే ఓడ నక్షాలు తెచ్చి ఇతనికి చూపించి పోతుంటారు."

వారం తిరక్కుండా అర్జీ వెనక్కి వచ్చింది. ‘పాసు లేకుండా రహస్య పత్రాలు చూస్తున్నట్టు విచారణలో తేలింది. అనుమతించరాదు.’

ఆ కింద కంపెనీ తరఫున ‘ఏకీభవిస్తున్నాను’ అని రాసి, సంతకం పెట్టి ఉంది. సంతకం ఇంజినీరుది.