మా బావకి మైకిస్తే

మా మేనత్త కొడుకు ఎమ్మే తెలుగు. వివాదాస్పద సాహిత్యం మీద సెమినార్ మా తాడేపల్లిగూడెంలోనే కాదు, ఏలూరులో పెట్టినా భీమవరంలో పెట్టినా ముందు వరసలో ఉంటాడు. ఫోల్డరు, పెన్ను, భోజనం కూపను చేతికందాక, ఇక మొదలెట్టుకోండన్నట్టు నిర్వాహకుల వంక చూస్తాడు. పుస్తకాలు మాత్రం చదవడు. చదివితే పక్షపాతం వచ్చేస్తుందట.

మొన్న మా కాలేజీ సెమినార్లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ మీద పత్రం చదివారు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థాన కవయిత్రి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయిస్తే అశ్లీలమని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి చొరవతో గానీ ఆ నిషేధం పోలేదు. అంతసేపూ కూపను వెనక ఏవో లెక్కలేసుకుంటున్న మా బావ లేచి, గొంతు సవరించుకుని, "ఆవిడ ఈమధ్య ఏమన్నా రాస్తున్నారాండీ?" అన్నాడు.

ఆ రోజుల్లో చదవకుండా తిట్టినవాళ్లకి ఒక సాకైనా ఉంది, పుస్తకాలు పోలీసులు పట్టుకుపోయారు. మా బావకి లైబ్రరీ కార్డుంది.

భోజనాలయ్యాక రంగనాయకమ్మగారి ‘రామాయణ విషవృక్షం’ మీద చర్చ. ఆవిడ పుట్టిన బొమ్మిడి మా గూడెం దగ్గరే కాబట్టి, 1974 నుంచీ నడుస్తున్న ఆ గొడవ తనింటి వ్యవహారమని బావ నమ్మకం.

"రాత్రి ఏకబిగిన చదివేశానండి. ఖండిస్తున్నాను."

"ఏ సంపుటమండీ?" అంది వెనక బెంచీలోంచి ఒక ఫస్టియర్ అమ్మాయి.

"మొత్తం."

"మూడూనా?"

"మూడున్నాయా?" అని బావ నా వైపు తిరిగాడు. నేను ఫాను వైపు చూశాను. పప్పన్నం తిని తూగుతున్న హాలంతా గొల్లుమని లేచి కూర్చుంది. పొద్దుటి నుంచీ ఏ ప్రొఫెసరుగారి వల్లా కాని పని అది.

కోపమొస్తుంది గానీ నిలవదు. సాయంత్రం స్టాల్లో చలం ‘మైదానం’ కొన్నాడు. 1927 నాటి నవలకి ఇవాళ కూడా అట్ట కనబడకుండా న్యూస్ పేపరు చుట్టి, "ఒరేయ్, మీ ఇంట్లో దాచరా, అమ్మ చూస్తే చంపేస్తుంది" అని నా సంచీలో కుక్కాడు. అలా అందులోని రాజేశ్వరి కథ నేను చదివాను. దాని మీద భీమవరంలో మాట్లాడి శాలువా కప్పించుకొచ్చింది మాత్రం బావ. ఆ శాలువా మా అత్తయ్య కప్పుకు తిరుగుతోంది, ఏ పుస్తకం తాలూకో తెలీక.

మీ ఊళ్లో సెమినార్ పెడితే మా బావని తప్పక పిలవండి, బస్సు ఛార్జీలు కూడా అడగడు. మైకు మాత్రం భోజనాలయ్యాకే ఇవ్వండి.