నేను, బోడి మల్లయ్యను

నా పేరు క్లిప్‌బోర్డ్. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఎవరి మీద పుట్టిందో గానీ, నాకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. కంట్రోల్ సీ నొక్కేటప్పుడు నేను కావాలి. కంట్రోల్ వీ నొక్కాక నా ఊసుండదు. ఇంకో ముక్క కాపీ చేస్తే అంతకుముందు దాచింది మాయం. 2018లో విండోస్ 10 నా మీద జాలిపడి, పాతవి పాతిక దాకా గుర్తుంచుకునే సౌకర్యం ఇచ్చింది. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లెందరు?

1970ల నడుమ, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే ఎడిటర్ రాస్తున్నప్పుడు కట్, కాపీ, పేస్ట్ ఒక రూపానికొచ్చాయి. ఆపిల్ వారి లీసా, మకింటోష్‌లతో జనంలోకి వచ్చాను. నా పుట్టుక గురించి ఇంతకన్నా ఎవరికీ పట్టదు, పోనివ్వండి.

ఒక్కో ఇంట్లో నాకు ఒక్కో కాపురం. మాక్‌లో హాయి: టెర్మినల్‌లో కమాండ్ చివర పైపు గీత పెట్టి పీబీకాపీ అంటే చాలు. విండోస్‌లో ఆచారాలెక్కువ. ప్రోగ్రామరు ఓపెన్‌క్లిప్‌బోర్డ్ అని తలుపు తీయాలి, ఎంప్టీక్లిప్‌బోర్డ్ అని ఊడ్చాలి, సెట్‌క్లిప్‌బోర్డ్‌డేటా అని సరుకు అప్పగించాలి, క్లోజ్‌క్లిప్‌బోర్డ్ అని తలుపేయాలి. ఒకసారికి ఒక్కరికే ప్రవేశం. ఈ నాలుగోది మరిచిపోయే మహానుభావులున్నారు. వాళ్ల ప్రోగ్రాము లోపల గడియ పెట్టుకుని కూర్చుంటే, మిగతావన్నీ బయట పడిగాపులు. తిట్లు మాత్రం నాకే.

లినక్స్‌లో, ఎక్స్ విండో అనే తెర వ్యవస్థ రోజుల నుంచీ, నాది ఉత్త పెద్దరికం. నా దగ్గర సరుకే ఉండదు. కాపీ చేసిన ప్రోగ్రాము ‘అది నా దగ్గరుంది’ అని ప్రకటించి ఊరుకుంటుంది. పేస్ట్ చేసేవాళ్లు అడిగినప్పుడే తీసి ఇస్తుంది. ఈలోగా ఆ ప్రోగ్రామును మూసేశారా, దాచిపెట్టే మేనేజరు ఇంకొకటి లేకపోతే, టెక్స్టూ దానితోపాటే పోయింది. పైథాన్ నేర్చుకునే కుర్రాడు టికింటర్ లైబ్రరీతో నాలుగు లైన్లు రాస్తాడు. క్లిప్‌బోర్డ్_అపెండ్ అంటాడు, తర్వాతి లైనులోనే ప్రోగ్రాము ముగించేస్తాడు. ఎడిటర్‌లో వచ్చి పేస్ట్ నొక్కితే ఏమీ రాదు. ఇచ్చేవాడే లేడు నాయనా, నన్నేం చేయమంటావు? ఈ తంటా తెలిసిన కమాండే ఎక్స్‌క్లిప్. పని అయిపోయినట్టు ప్రాంప్ట్ తిరిగి ఇచ్చేస్తుంది గానీ, ఇంకొకరు కొత్తది కాపీ చేసేదాకా తెరవెనక మేలుకునే ఉంటుంది. అంత బాధ్యత గల చుట్టం నాకు ఇంకొకరు లేరు.

బ్రౌజర్లో నాకు కాపలా ఉంది, మంచిదే. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు నంబర్లు నా ఒళ్లో పడేస్తారు కదా. ఆ కాపలా సంగతి మరిచినవాళ్లే నా మీద ఎగురుతారు. నావిగేటర్ డాట్ క్లిప్‌బోర్డ్ అని రాసి పెట్టిన ‘కాపీ’ బటన్, రాసినవాడి మిషన్‌లో లోకల్‌హోస్ట్ మీద చక్కగా పలుకుతుంది. ఉత్త హెచ్‌టీటీపీ సర్వర్‌కెక్కించగానే మూగబోతుంది. లోకల్‌హోస్ట్ తప్ప, హెచ్‌టీటీపీఎస్ లేనిచోట బ్రౌజర్ ఆ దారిన నన్ను బయటికే రానివ్వదు.

ఇక తెలుగువాళ్ల దగ్గర పడ్డ నింద వేరు. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన పెళ్లిపత్రికను కాపీ చేసి మెయిల్లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ పడేవి. ‘కాపీలో పాడైంది’ అనేవారు. పాడుచేయలేదు, నాకిచ్చింది అదే. అక్కడ తెలుగు ఉన్నది ఫాంట్ బొమ్మల్లో, లోపలి కోడ్‌లు వేరే లిపివి. యూనికోడ్ వచ్చాకైనా సుఖపడ్డానా? యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాము వచ్చి మామూలు టెక్స్ట్ అడిగితే, విండోస్ పాత కోడ్‌పేజీల్లో తెలుగుకు చోటే లేదు కనుక, ప్రశ్నార్థకాలే వరసగా చేతిలో పెట్టాలి. ‘శ్రీరస్తు’కు బదులు ప్రశ్నలు చూసిన పెద్దాయనకు ఇదంతా ఎవరు చెప్తారు?

అన్నిటికన్నా వింత టెర్మినల్ ముందు జరుగుతుంది. గంటసేపటి నుంచి నడుస్తున్న స్క్రిప్టు తెర మీద ఒక లైను చూపిస్తుంది. దాన్ని కాపీ చేద్దామని అలవాటుగా కంట్రోల్ సీ నొక్కుతారు. లినక్స్ టెర్మినల్‌లో ఆ మీటలు నన్ను పిలవవు, నడుస్తున్న ప్రోగ్రామును ఆపేస్తాయి. మధ్యలో షిఫ్ట్ కూడా నొక్కితేనే నేను పలికేది. స్క్రిప్టు చచ్చింది, లైనూ కాపీ కాలేదు. ఇక చూడాలి, నాకు పడే దండకం.