తుంటిలో కాపురం

మూలుగలో కాపురం ఉండేవాడి దగ్గర మూలుగు దాచడం ఎవరి తరమూ కాదు. గంపలగూడెంలో ఆ ఇంటి పెద్దావిడ అర్ధరాత్రి పక్కమీద ఒత్తిగిల్లినప్పుడు పళ్ల బిగువున ఒక చిన్న మూలుగు వస్తుంది. పక్క మంచం మీద ఆయనకు వినపడదు. సముద్రాల అవతల ఉన్న కొడుక్కి అసలే వినపడదు. నాకు వినపడుతుంది. నేనుండేది ఆమె ఎడమ తొడ ఎముక లోపల. నల్లీ ఎముక పగలగొట్టి మూలుగ జుర్రుకున్నవాళ్లకు నా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నేను జానెడు పొడవున్న టైటానియం కడ్డీని. ఆస్పత్రి కాగితాల్లో నాకు పొడుగాటి పేరుంది కానీ ఊళ్లో అందరూ రాడ్డనే అంటారు. "తుంటిలో రాడ్డేశారంట" అని. అదే బాగుంది. పైభాగాన ఏటవాలుగా ఒక లావుపాటి మర నాలోంచి దూరి తుంటి గుండులోకి వెళుతుంది. కింద అడ్డంగా ఇంకో చిన్న మర. ఈ రెండూ నా కాళ్లూ చేతులూ అనుకోండి.

అమెరికాలో ఆమె ఒంట్లోకి వచ్చాను గనక నన్ను అమెరికావాడంటారు. నాకైతే అంత నమ్మకం లేదు. టైటానియం సముద్రతీరపు నల్ల ఇసుకలో దొరుకుతుంది. 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ అనే పాదిరి అలాంటి నల్ల ఇసుకలోనే దీన్ని మొదట పసిగట్టాడు. మన భీమిలిలో, కళింగపట్నంలో కాళ్లకు అంటుకునే ఆ నల్ల ఇసుకలోనూ అదే ఖనిజం ఉంది. మా తాతముత్తాతలు ఏ తీరంవాళ్లో ఎవరు చెప్పొచ్చారు?

నేను రాకముందు జరిగిన సంగతులు నాకు ఆమె నోటివెంట తెలిసినవే. అరుగు మీద కూర్చుని నలభైసార్లు చెప్పి ఉంటుంది, చెప్పినప్పుడల్లా ఒక ముక్క కొత్తగా కలుస్తుంది.

2025 ఏప్రిల్లో అమెరికా ప్రయాణానికి సంచులు సర్దుకుంటున్న రోజుల్లోనే టీవీలో ఒక వార్త వచ్చిందట. సింగపూర్‌లో పిల్లలున్న భవనంలో మంటలు లేచి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చిన్న కొడుక్కి కాలిన గాయాలయ్యాయని. ఆయన అప్పుడు అల్లూరి జిల్లా మన్యంలో ఉన్నాడు, అక్కడ మాటిచ్చిన పని ముగించుకుని విమానం ఎక్కాడు. పిల్లవాడు క్షేమంగా వచ్చాక తల్లి తిరుమలలో తలనీలాలిచ్చింది. ఆ వార్త చూసి మా పెద్దాయన, "అంతటివాళ్లకే అట్టా ఉంటే, మనకు అక్కడ ఏదన్నా అయితే ఎవర్ని పిలుస్తామే?" అన్నాడట. "అపశకునం మాటలు మానండి" అని ఈమె కసిరింది. అని, గోంగూర పచ్చడి మూత ఇంకో చుట్టు బిగించింది.

మామిడి తోట కాపు గుత్తకిచ్చి, గేదెను తోడికోడలికి అప్పజెప్పి బయల్దేరారు. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆమె వీల్‌చైర్‌లో కూర్చుంది. అప్పుడు కాళ్లు గుర్రంలా ఉన్నాయి. అయినా ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు పిల్లలు వీల్‌చైర్ అడిగి పెట్టడం ఇప్పుడు రివాజు. తోసేవాడు దారి తప్పకుండా గేటు దగ్గర దింపుతాడు, అధికారులు అడిగిన దానికి జవాబూ చెప్తాడు. ఆ కుర్చీ ఈమె మనసులో ముల్లులా ఉండిపోయింది. "నడవగలిగి కుంటిదాన్నని చెప్పి కూర్చున్నాను వదినా, దేవుడు రాసుకున్నాడు" అంటుంది ఇప్పటికీ.

కొడుకు ఉండేది న్యూజెర్సీ. జూన్లో, తెలుగు తల్లిదండ్రులందర్నీ తీసుకెళ్లినట్టే, వీళ్లనీ నయాగరాకు తీసుకెళ్లారు. ఏడు గంటల కారు ప్రయాణం. రాత్రి మోటెల్లో దిగారు. పొద్దున్నే తలంటుకుని జలపాతానికి దణ్ణం పెట్టుకుందామని ఈమె ఆరింటికే స్నానాల గదిలోకి వెళ్లింది. అక్కడ బకెట్టు లేదు, తొట్టి ఉంది. మోకాలెత్తు గోడ దాటి దిగాలి, తడికాలితో మళ్లీ దాటి రావాలి. దాటడంలో జారింది. చప్పుడు పెద్దగా రాలేదట, వేపపుల్ల విరిచినంత.

పెద్దాయన చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. కోడలు, "మామయ్యా, లేపకండి!" అని అరిచింది. ఆ పిల్ల డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఎడమ కాలు పొట్టిగా అయిపోయి పాదం బయటికి తిరిగిపోయి ఉండడం చూసింది, అంతే. తుంటి విరిగినప్పుడు కాలు సరిగ్గా అలాగే పడుతుంది. కదపకుండా దుప్పటి కప్పి 911కి ఫోన్ చేసింది. కొడుకు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. లక్షల జీతం తీసుకునేవాడే, ఆ నిమిషంలో మాత్రం మూడో తరగతి పిల్లాడిలా. మోటెల్ నడిపే గుజరాతీ ఆవిడ పరుగున వచ్చి ఈమె తల ఒళ్లో పెట్టుకుని, వాళ్ల భాషలో ఏదేదో చెప్పిందట. ఆ మాటలేమిటో తెలియదు గానీ అర్థమయ్యాయి అంటుంది.

అంబులెన్సులో పెద్దాయనకు పట్టుకున్న దిగులు ఒకటే. "దీనికి డబ్బు తీసుకుంటారట్రా?" మన 108 బండ్లు 2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతున్నాయి, ఎక్కినవాణ్ణి పైసా అడగవు. అక్కడ బండికి వేరే బిల్లు. కొడుకు సర్దిచెప్పాడు. "ముందు డబ్బు కట్టమనరు నాన్నా. 1986 నుంచి చట్టం ఉంది, అత్యవసరంలో వచ్చిన మనిషిని డబ్బుతో పని లేకుండా చూడాల్సిందే. బిల్లు తర్వాత పంపిస్తారు." "తర్వాత పంపితే తగ్గుతుందా?" అన్నాడాయన. తగ్గదు.

ఆస్పత్రిలో మంచం పక్కన స్టాండుకు ఒక టాబ్లెట్ తగిలించి తెలుగు దుబాసీని పిలిచారు. తెరమీద ఎవరో అమ్మాయి, మాట తీరు నెల్లూరు వైపుది. నర్సు అడిగింది, ఆ అమ్మాయి తెలుగు చేసింది: "అమ్మా, సున్నా నుంచి పదిలోపు మీ నొప్పి ఎంత?"

ఈమెకు ప్రశ్నే అర్థం కాలేదు. నొప్పికి మార్కులేమిటి? "తుంటి దగ్గర పోటు, తొడంతా లాగుడు, మోకాలు తీపు, పాదం తిమ్మిరి, నడుము సలుపు" అని చెప్పుకొచ్చింది. దుబాసీ పిల్ల ఒక్క క్షణం ఆగిపోయింది. పోటుకు ఒక ఇంగ్లీషు మాట దొరికింది. సలుపుకూ తీపుకూ తేడా చెప్పడానికి తడుముకుంది. ఆఖరికి, "అమ్మా, ఏదో ఒక అంకె చెప్పండి" అని బతిమాలింది. "పదికి పదహారణాలూ రాసుకోమ్మా" అందట ఈమె. నర్సు పది అని రాసుకుని మందు ఎక్కించింది. ఇరవై ఏళ్లు గేదెలకు పురుళ్లు పోసి, మిరపకోతల్లో ఎండకు ఎండిన మనిషి తన ఒంటి గురించి చెప్పినదంతా రెండంకెల్లోకి వెళ్లిపోయింది. ఆ అంకె చూసే కదా మందు కొలిచారు అని నాలోనేను సమాధానం చెప్పుకుంటాను. కానీ ఆ ఐదు మాటలూ ఎక్కడికి పోయాయి?

మర్నాడు నన్ను లోపల దించారు. పెద్ద కోత కాదు, తుంటి పక్కన నాలుగు వేళ్లంత. ఎక్స్‌రే తెర చూసుకుంటూ మూలుగలో దారి తొలిచి నన్ను దిగగొట్టారు. చెయ్యిపట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లడం లాంటిది కాదది, సుత్తితోనే.

మా వంశం కథ ఇక్కడ చెప్పకపోతే నాకు తోచదు. తొడ విరిగితే ఒకప్పుడు కాలికి బరువు వేలాడదీసి నెలల తరబడి పడుకోబెట్టేవాళ్లు. ఎముక అతికేలోపు వీపు పుళ్లు పడేది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేది, పెద్దవాళ్లు మంచంలోనే పోయేవాళ్లు. 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంట్‌షర్ అనే డాక్టరు మూలుగలోకి ఉక్కు మేకు దింపాడు. తోటి డాక్టర్లు నవ్వారు. ఆ తర్వాత యుద్ధంలో జర్మనీకి ఖైదీలుగా చిక్కిన అమెరికా సైనికులు కొందరు ఆ మేకులతోనే ఇంటికి చేరారు. అక్కడి డాక్టర్లు ఎక్స్‌రే తీసి, తొడలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న లోహాన్ని చూసి నోరు తెరిచారు. 1945 మార్చిలో టైమ్ పత్రిక ఆ వింత గురించి రాసింది. పరాయి దేశంలో విరిగి, పరాయి లోహంతో ఇంటికి నడిచివెళ్లినవాళ్లు వాళ్లే మొదటివాళ్లు అనుకుంటాను. నాకు ముత్తాతల వరస.

ఆపరేషనైన మర్నాడే నడక నేర్పే ఒక భారీ మనిషి వచ్చి లేచి నిలబడమన్నాడు. సరిగ్గా అప్పుడే గంపలగూడెం నుంచి వదినగారి ఫోన్. "కాలు కింద పెట్టబాకు, మూడు నెలలు కదలబాకు! మీ అబ్బాయికి తెలియకపోతే అడగొద్దా? పుత్తూరు కట్టు కట్టిస్తే పోయేదిగా!" నయాగరా దగ్గరి ఆస్పత్రి నుంచి పుత్తూరు ఎంత దూరమో వదినగారికి పట్టదు. ఒక చెవిలో పడుకోమని ఊరు, ఎదురుగా నిలబడమని ఆ మనిషి. ఈమె ఏడ్చింది. "చంపేస్తున్నార్రా నన్ను" అని కొడుకు చెయ్యి గిల్లింది.

నిలబడింది. ఆ మొదటి బరువు నామీద పడిన క్షణం నాకు గుర్తుంది. ఎముకా నేనూ చెరిసగం మోశాం. ఎముక అతికించేది నేనే అని ఊళ్లో అనుకుంటారు. కాదు. అతుక్కునేది ఎముకే, దాని పని అది చేసుకునేలోపు పక్కకు జరగకుండా పట్టుకుని ఉంటానంతే. కాస్త బరువు పడితేనే దానికీ పని మీద ధ్యాస వస్తుంది. మంచంలో పెట్టి ముద్దు చేస్తే బద్ధకిస్తుంది.

న్యూజెర్సీ ఇంట్లో పడకగదులన్నీ మేడమీద. హాల్లో సోఫా జరిపి మంచం వేశారు. వాకరూ, కమోడు కుర్చీ ఎవరో తెలుగువాళ్ల గరాజులోంచి వచ్చాయి. అంతకుముందు ఇంకొకరి నాన్నగారు వాడినవట, అలా ఇల్లిల్లూ తిరుగుతుంటాయట. వాకరు పట్టీకి ఎవరో కట్టిన పసుపుతాడు అలాగే ఉంది.

బీమా సంగతి ఎక్కువ చెప్పను, విసుగు. కోడలు పట్టుబట్టి మంచి పాలసీయే తీసుకుంది. చవకరకం పాలసీలు ఒక్కో వైద్యానికి ఇంతని ఒక గీత గీసి, ఆ పైదంతా మన నెత్తినే రుద్దుతాయి. ఇది అలాంటిది కాదు. అయినా కంపెనీ అడిగింది: ఎముకలు గుల్లబారడం ప్రయాణానికి ముందునుంచే ఉందా? ఉంటే పాత జబ్బు, పాత జబ్బుకు డబ్బు రాదు. ఐదేళ్ల వైద్యం కాగితాలు పంపమన్నారు. ఈమె వైద్యం కాగితాలంటే ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన రెండు చీటీలు, తిరువూరులో బీపీ చూపించుకున్నప్పటి ఒక చీటీ. వాటిని వెతికి ఫోటో తీసి పంపించారు. ఆ ఉత్తరాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఏడు వారాలకు డాక్టరు ప్రయాణానికి కాగితం రాసిచ్చాడు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్టమీద సూదులు, గంటకోసారి మడమలు ఆడించమని చెప్పాడు. విమానం ద్వారం దగ్గర వీల్‌చైర్ల బారు. అందులో నిజంగా నడవలేని మనిషి మా పెద్దావిడ ఒక్కతే కాబోలు. తనిఖీల్లో ఒకచోట నేను మోగాను, ఇంకోచోట మోగలేదు. మోగినచోట ఆమె సిగ్గుపడుతూ తుంటి తట్టి చూపించింది, దొంగసొత్తు చూపించినట్టు.

హైదరాబాద్ నుంచి కారులో ఖమ్మం దాకా నాకు ఇబ్బంది లేదు. ఆ తర్వాత గుంతలు. ప్రతి గుంతా నాకు ముందు తెలిసేది, తర్వాత ఆమెకు. వానాకాలం, కట్టలేరు నిండుగా ఉంది. వినగడప దగ్గర పొంగితే దారే ఉండదు, అంతదాకా రాలేదని పెద్దాయన నెమలి వేణుగోపాలస్వామికి కారులోంచే దణ్ణం పెట్టాడు.

ఆయన నయాగరా చూడలేదు. మోటెల్ నుంచి ఆస్పత్రి, ఆస్పత్రి నుంచి ఇల్లు. అయినా రచ్చబండ దగ్గర అడిగినవాళ్లందరికీ నీళ్లు ఎంత ఎత్తునుంచి పడతాయో, తుంపర ఎంత దూరం వస్తుందో చేతులు తిప్పి చెప్తున్నాడు. ఆమె పక్కనే ఉన్నా ఆ మాట ఖండించదు.

ఇంట్లో మార్పులు వచ్చాయి. పీట అటకెక్కింది, పూజ కుర్చీలోంచే. పెరట్లో మరుగుదొడ్డి పగలగొట్టి కూర్చునే రకం పెట్టించారు. విజయవాడలో ఎక్స్‌రే తీసిన డాక్టరు, బాగానే అతికింది, ఈ వయసులో రాడ్డు తీయక్కర్లేదన్నాడు. "అయితే పోయేదాకా ఉంటుందా?" అందామె. "నువ్వు పోయాకా ఉంటుంది, మేం బూడిదలోంచి ఏరుకోవాలి" అన్నాడు పెద్దాయన. ఇద్దరూ నవ్వారు. నేను కరగడానికి పదహారు వందల డిగ్రీలు దాటాలి, చితికి అంత వేడి రాదు. కాబట్టి ఆయన చెప్పింది నిజమే.

రోజూ తెల్లవారుజామున కొడుకు వీడియో ఫోన్ చేస్తాడు, వాడికి అది ముందురోజు రాత్రి. పలకరింపు మాత్రం ఆస్పత్రిలో నేర్చుకున్నదే. "అమ్మా, ఇవాళ పదికి ఎంత?"

"రెండురా. ఒకటిన్నర అనుకో."

అంకె అబద్ధమాడ్డానికి ఎంత అనువైనదో ఆమెకు ఈ మధ్యనే తెలిసింది. వాడు సరే అంటాడు, మొహం తేటపడుతుంది, ఫోను పెట్టేస్తాడు. నిన్నా అంతే. పెట్టేశాక గోడ అవతలి వదినగారు పలకరిస్తే, "రాత్రంతా ఒకటే సలుపు వదినా. తెల్లారగట్ల తీపు మొదలయ్యింది" అంది.

పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఏమీ అనలేదు. లేచి పొయ్యిమీద నీళ్లు పెట్టి, కాపడానికి పాత లుంగీ ముక్క వెతుకుతున్నాడు. ఆ వేడి నా దాకా దిగదు, కండలోనే ఆగిపోతుంది. ఆమె మాత్రం కుర్చీలో కొంచెం పక్కకు జరిగి, ఎడమ కాలు ముందుకు జాపింది.