పాలు పొంగిన దిక్కు

కోడంబాక్కంలో మా కొత్త ఫ్లాటు గృహప్రవేశం రోజున బంధుగణమంతా పాలగిన్నె చుట్టూ మూగింది. పాలు తూర్పుకే పొంగాయి. హమ్మయ్య అనుకున్నాం. బాత్రూములో నీళ్లు ఏ దిక్కుకు పోతాయో చూసిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ పని మావయ్య చేశాడు. సినిమా సెట్లకు వడ్రంగం చేసి రిటైరైన మనిషి. పక్కనే వడపళనిలో, 1957 నాటి 'మాయాబజార్' తీసిన విజయా వాహినీ స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. సెట్లు పోయాయనే బెంగ నాకుండేది. ఇంట్లోకి వచ్చాక తీరింది.

మావయ్య రూపాయి బిళ్లతో టైల్సు మీద కొట్టాడు. రెండింట ఒకటి డొల్లగా మోగింది. "కింద సిమెంటు పట్టలేదు అల్లుడూ. మా గుడి స్తంభాలూ ఇలాగే మోగేవి. కాకపోతే అవి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అని ప్రొడ్యూసరుకు చెప్పి మరీ చేసేవాళ్లం."

హాల్లో గోళీ పెడితే తనంతట తనే నడుచుకుంటూ పోయింది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి గింబళి కదలడానికి మార్కస్ బార్ట్లే కెమెరా కావలసి వచ్చింది. మాకు మేస్త్రీ చాలు.

2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తాళాలిచ్చిన 5 ఏళ్లలోపు లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో పైసా అడక్కుండా బాగుచేయాలి. ఆ మాటే సైటు ఇంజినీరుతో అన్నాను.

"సరియాయిడుం సార్" అన్నాడు. సరైపోతుందట. ఎవరు చేస్తే సరవుతుందో ఆ క్రియలో లేదు. అరవంలో నాకు నచ్చేది ఈ సౌలభ్యమే. గోడ మీద పగులు చూపిస్తే "హెయిర్‌లైన్ సార్" అన్నాడు. మావయ్య అందులోకి ఏటీఎం కార్డు దూర్చాడు. ఎవరి వెంట్రుకో మరి!

నవ్వుతున్నాను గానీ, 2014 జూన్ 28న ఈ ఊరి శివార్లలోనే, మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్లలో మన విజయనగరం, శ్రీకాకుళం కూలీలున్నారు. అప్పట్నుంచీ పగులు కనబడితే నా చెయ్యి దానంతటదే గోడ మీదికి పోతుంది.

చివరికి బాత్రూములో బకెట్టు నీళ్లు కుమ్మరించాం. జాలీ వైపు కన్నెత్తి కూడా చూడకుండా గడప దాటి, హాలు దాటి, నేరుగా పూజగదికి చేరాయి.

"ఈశాన్యానికే కదా సార్ పోతున్నాయి. ఫుల్ వాస్తు!" అన్నాడు ఇంజినీరు.

అత్తయ్య నిజమేనన్నట్టు తలూపింది. ఇంకో బకెట్టు పడదామని మావయ్య కుళాయి తిప్పాడు. పిడి చేతికొచ్చింది.